రాహుకాలంలో ప్లగ్గు

పెట్రోలు మాట జనం మరిచిపోయిన కాలం. కొత్త కార్లు చిటికెలో చార్జయిపోతాయి కనుక రాహుకాలంలో వీధిలో ఎవరూ ప్లగ్గు పెట్టరు. ఆ గంటన్నరా కరెంటు ధర సగానికి పడిపోతుంది.

వరహాలమ్మకి ఆ ధరే అందుతుంది. భర్త చిదంబరాన్ని సాయంత్రం డయాలసిస్‌కి గోదావరి దాటించాలంటే పాతకారు పూర్తిగా నిండాలి. అందుకే రాహుకాలానికి కాస్త ముందే ప్లగ్గు పెట్టేసింది. ముందే మొదలైన పనికి దోషం లేదు కదా!

అరిగిన ప్లగ్గు వదిలితే ఊడిపోతుంది. చేత్తో అదిమిపట్టి కూర్చుంది. చూపు మీటరు మీదే ఉండడంతో దోషం తగలకుండా చదువుకుంటున్న స్తోత్రం మాటిమాటికీ తప్పుతోంది.

"కారుకి నాడి చూస్తున్నారా పిన్నిగారూ?" మేడ మీంచి నవ్వింది ఎదురింటి లలిత.

"నీకేమమ్మా, నవ్వుతావు."

ఇంతలో లోపల్నుంచి భర్త గొంతు వినిపించింది. "వరహాలూ, నోరెండిపోతోందే. ఒక్క గుక్క నీళ్లియ్యి."

"వస్తున్నానండీ" అంది గాని చెయ్యి తియ్యలేకపోయింది. మళ్లీ పిలిచాడు. వదిలేసి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి ప్లగ్గు నేలమీద పడి ఉంది. రాహుకాలం ఇంకా సగం ఉంది. ఇప్పుడు పెడితే కొత్తగా మొదలుపెట్టినట్టే.

"స్వామీ, ఆయన దాహానికి నేను వేళ చూడలేదు. నువ్వు మాత్రం చూస్తావా?" అంటూ ప్లగ్గు గుచ్చి, మళ్లీ అదిమిపట్టుకుంది.