ఆరో నంబరు

రేడియోలో ఆ వార్త వచ్చేసరికి టైలరమ్మ బ్యానరు మీద ‘స్వాగతం’ అని అక్షరాలు కుడుతోంది.

“సరస్సులో పిల్లల పడవ తిరగబడింది. అందర్నీ ఒడ్డుకు చేర్చారు. ఒక్క పాప ఆచూకీ మాత్రం ఇంకా దొరకలేదు.”

అంతే. ఆ తర్వాత ఎండల సంగతి, దాని వెనకాలే ఓ పాట.

మిషను ఆపేసింది. ఆ సరస్సు దగ్గరే ఉంది ఆమె కూతురు. తొమ్మిదేళ్లది. ఈత రాదు.

అసలు పంపడం ఆమెకి సుతరామూ ఇష్టం లేదు. నెల కిందట ఆరాధన అయ్యాక పాదిరిగారు వేసవి కబుర్లు చదివారు. కంచెకి రంగు వెయ్యడానికి శనివారం అందరూ రావాలి. పాత బట్టల అమ్మకానికి దయచేసి చిరిగినవి ఇవ్వకండి. పాటల బృందానికి నెల రోజులు సెలవు. వెనక బెంచీలోంచి ఎవరో “దేవునికి స్తోత్రం” అన్నారు, అందరూ నవ్వారు. చివరగా, పిల్లలకి సరస్సు ఒడ్డున వారం రోజుల శిబిరం.

ప్రెస్బిటేరియన్ సంఘం అని పేరు చాంతాడంత ఉంటుంది గానీ, అంతా కలిపితే నలభై మంది. పిల్లలు పదకొండు మంది. “పదిమందీ వెళ్తున్నారు, నేనొక్కదాన్నేనా మిగిలేది?” అని పిల్ల మూడు రోజులు మూతి ముడుచుకు కూర్చుంది. తల్లి ఏం చేస్తుంది? ఒప్పుకుంది.

శిబిరానికి ఫోన్ చేసింది. లైను దొరకలేదు. పాదిరిగారింటికి చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజే.

ఆ ఒడ్డున నాలుగు శిబిరాలున్నాయి. ఎవరి పిల్లైనా కావచ్చు. పైగా మన సంఘం పిల్లే అయితే ఈపాటికి ఫోను గొలుసు కదిలేది కదా.

గోడ మీది చీటీ చూసింది. సంఘంలో ఎవరికి కష్టమొచ్చినా పాదిరిగారు ఒకటో నంబరుకి చెబుతారు. ఒకటి రెండుకి, రెండు మూడుకి. అరగంట తిరక్కుండా ఎక్కడివాళ్లక్కడే ప్రార్థనలో ఉంటారు. ఐదు, లెక్కల మాస్టారు. ఆరు, టైలరమ్మ. ఏడు, పక్కింటి గంట తాత. గుడి గంట కొట్టేది ఆయనే.

ఆమె సంఘంలో చేరి ఏడాది కూడా కాలేదు. భర్త పోయాక చేరింది. ఆ చీటీలో తన నంబరు చూసుకున్న రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. తనకీ నలుగురున్నారనిపించింది.

ఇప్పటిదాకా ఒక్కసారే ఆమెకి గొలుసు ఫోను వచ్చింది. గంట తాతకి గుండెనొప్పి వచ్చినప్పుడు. “ఈసారి ఏడుకి కాదు, ఎనిమిదికి చెయ్యమ్మాయ్” అన్నారు మాస్టారు. నిజమే, ఆస్పత్రిలో పడుకున్న మనిషి ఇంట్లో ఫోనెవరు తీస్తారు అనుకుని ఎనిమిదికి చేసింది.

ఒంటిగంటకి ఉండబట్టలేక మాస్టారికి చేసింది.

“నాకేమీ రాలేదమ్మాయ్” అన్నారాయన. “గొలుసులో నా తర్వాత నువ్వే కదా. కంగారుపడకు.”

కాస్త ఊపిరాడింది. మళ్లీ మిషను ముందు కూర్చుంది. పిల్లలు రేపు వచ్చేస్తారు, సాయంత్రానికల్లా బ్యానరు కావాలన్నారు పాదిరిగారు. కానీ చెవులు ఫోను దగ్గరే ఉన్నాయి. రెండయింది. మోగలేదు. రెండున్నర. మోగలేదు. మోగని ప్రతి నిమిషానికీ ఆమె మనసులోనే దండం పెట్టుకుంది.

మూడింటికి గోడవతల గంట తాత ఫోను మోగింది. ఉలిక్కిపడింది. వెంటనే తన పిరికితనానికి తనకే నవ్వొచ్చింది. గొలుసు ఫోనైతే తన చేతి మీదుగానే కదా తాతకి వెళ్లాలి! ఆయన కూతురు చేసుంటుంది.

పది నిమిషాల్లో తాతే వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“ఒక్కదానివే ఉంటావని వచ్చానమ్మా.”

“రేడియో మీరూ విన్నారా తాతగారూ? నా ప్రాణం పోయి వచ్చిందనుకోండి. మన వాళ్లు కాదులెండి. ఇందాకట్నుంచి చూస్తున్నా, ఫోను మోగితే ఒట్టు.”

తాత కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగాడు. ఇస్తే తాగలేదు, గ్లాసు ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఎండన పడి రావడం ఎందుకు, పిలిస్తే నేనే వచ్చేదాన్నిగా? అసలే గుండెజబ్బు మనిషి” అని కసిరింది. భయం తీరాక నోటికి మాటలు అవే వస్తున్నాయి. “మా పిల్లకి నీళ్లంటే పిచ్చి. రానీండి, ఇక సరస్సు పేరెత్తితే వీపు చీరేస్తాను.”

తాత బ్యానరు అంచు వేళ్లతో తడుముతూ ఉండిపోయాడు.

“కుట్టు బాగుందమ్మా” అన్నాడు చివరికి.

ఆమె చెయ్యి ఆగింది. “ఆ పాప ఎవరి బిడ్డో. ఆ తల్లి ఎలా తట్టుకుంటుందో. నేను ఇక్కడ సంబరపడిపోతున్నాను, పాపిష్టిదాన్ని. ఆవిడ కోసం ఒక్క మాట ప్రార్థన చేద్దామా తాతగారూ?”

“చేద్దాం తల్లీ” అన్నాడు తాత. కళ్లు మూసుకున్నాడు. ఆమే చేసింది. ఎవరో తెలియని ఆ తల్లికి ధైర్యం ఇమ్మని, ఆమెని ఒంటరిగా వదలొద్దని అడిగింది.

కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి వీధి మొదట్లో పాదిరిగారు కనిపించారు. ఇద్దరు సంఘ పెద్దలతో కలిసి, తలవంచుకుని ఇటే నడిచి వస్తున్నారు.

“అయ్యో, బ్యానరు కోసం అప్పుడే వచ్చేస్తున్నారు! ఇంకా ఒక అక్షరం ఉంది” అంటూ ఆమె గబగబా సూదిలో దారం ఎక్కించింది.

ఫోను గొలుసు మొదలైన నాటినుంచీ ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది, అది ఆమెకి చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ ఎవరికీ రాలేదు: కష్టం ఏ ఇంటిదో ఆ ఒక్క ఇంటిని దాటేసి ఫోను తర్వాతి నంబరుకి వెళ్తుంది, ఆ ఇంటికి మాత్రం పాదిరిగారే స్వయంగా వచ్చి చెప్పాలి.