మిషన్ పక్కన స్టూలు

చీమకుర్తి రోడ్డు మీది బ్యాటరీల కొట్లో, బ్యాటరీలను పరీక్షించే మిషన్ పక్కనున్న స్టూలు మీద ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు.

"పెద్దాయనా, బ్యాటరీ ఇచ్చి వెళ్లు. సాయంత్రం రా," అన్నాడు కొట్టు యజమాని శివనాగరాజు.

"నేనెళ్లాక మార్చేస్తే?"

"నీ పాత బ్యాటరీ నాకెందుకయ్యా?"

"పోయినసారి ఒంగోల్లో మార్చేసినోడు కూడా ఇదే మాటన్నాడు."

ముసలాయన కదల్లేదు.

ఆయన పేరు బుడాన్. కరెంటు ఆటో ఇంటి దగ్గర పడి ఉంది. అందులో వరుసగా బిగించిన బ్యాటరీల్లో ఏది నీరసపడిందో తేలక, రోజుకొకటి విప్పి బస్సులో తెస్తున్నాడు. తెచ్చినదానికి కాపలా కూర్చుంటున్నాడు.

మిషన్ పనల్లా బ్యాటరీలోని కరెంటును కొద్దికొద్దిగా తాగడం. పొద్దున తగిలిస్తే సాయంత్రానికి బ్యాటరీ సత్తువెంతో చెబుతుంది. మధ్యలో ఆగిందా, చేసిందంతా దండగ. మళ్లీ నిండా ఛార్జింగు పెట్టి మొదటికి రావాలి.

ఆ ఎండాకాలం అది రోజూ మధ్యాహ్నానికే కూతపెట్టి ఆగిపోయేది. శివనాగరాజు వైర్లు మార్చాడు. క్లిప్పులు మార్చాడు. అమ్మినవాడికి ఫోన్ చేసి తిట్టాడు.

"మీ ఎండలకు పెద్దది తీసుకోమన్నాను గదండీ," అన్నాడు వాడు.

పెద్దది దేవుడి పటం కింద అరలో పట్టదని చిన్నది కొన్న మాట నిజమే. అయినా ఇంకాస్త తిట్టాడు.

చివరికి, బుడాన్ మొదటిసారి వచ్చిన పొద్దునే, భార్య మల్లేశ్వరి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి మిషన్‌కు కట్టింది.

"వచ్చినోళ్లంతా దాన్నే చూస్తున్నారు. దిష్టి తగలదా మరి?"

ఆ రోజు మిషన్ సాయంత్రం దాకా గుక్క తిప్పుకోకుండా నడిచింది. మర్నాడూ నడిచింది. శివనాగరాజు రోజూ దండ మార్చసాగాడు.

నిమ్మకాయ దయవల్ల మిషన్ బాధ తీరింది. ఇక మిగిలిన బాధ బుడాన్.

క్వారీ లారీల దుమ్ము లేస్తుందని శివనాగరాజు కొట్లో ఫ్యాన్ వేయడు. బుడాన్ తాటాకు విసనకర్ర తెచ్చుకున్నాడు. కాసేపు తన మొహానికి, కాసేపు మిషన్ పక్కన పెట్టిన బ్యాటరీకి విసురుతూ కూర్చునేవాడు.

"దానికెందుకయ్యా గాలి?"

"దానికి మాత్రం ఉక్కపోయదా?"

"జోల కూడా పాడు."

"నిద్రపోతే పరీక్షెట్టా రాస్తది?"

అంతలో బ్యాటరీల కంపెనీ నించి కబురొచ్చింది. తమ మనిషి వచ్చి చూస్తుంది. ఆమె ఎదుట మిషన్ ఒక రోజంతా ఆగకుండా నడిస్తే, వారంటీ బ్యాటరీల పరీక్షలన్నీ ఇక్కడే చేసేట్టు బోర్డు ఇస్తారు.

బోర్డు లేనివాడిని ఈ లోకం ఒరేయ్ అంటుంది. బోర్డు ఉంటే, అదే పని చేసినా సార్ అంటుంది. శివనాగరాజుకు సార్ అనిపించుకోవాలని ఎప్పట్నించో ఉంది.

ఆ పొద్దున పెద్ద నిమ్మకాయ ఏరి కట్టాడు. బుడాన్ ఇంకో బ్యాటరీతో వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఈ రోజు వద్దు పెద్దాయనా. ఆఫీసరమ్మ వస్తోంది. నిన్నిట్టా చూస్తే ఇది కొట్టా, బస్టాండా అంటది."

"మూల కూర్చుంటాలే."

"కూర్చుని విసనకర్ర ఊపుతావు. లే ముందు."

బుడాన్ లేచాడు. బరువు బ్యాటరీని రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించుకున్నాడు.

"బోర్డు రాకముందే మనుషుల్ని లేపుతున్నావు. వచ్చాక రోడ్డుక్కూడా గేటు పెడతావు. కనిగిరిలో చూపించుకుంటాలే."

వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి కంపెనీ మనిషి దీప్తి వచ్చింది. తను తెచ్చిన బ్యాటరీ తగిలించింది.

"మధ్యలో ఎప్పుడైనా ఆగుతుందాండీ?"

"దండ కట్టింది మొదలు ఒక్కసారీ ఆగలేదు మేడమ్."

భోజనాల వేళకు దండలోని పచ్చిమిరపకాయలు వడిలి ముడుచుకున్నాయి. మిషన్ కూతపెట్టి ఆగిపోయింది.

శివనాగరాజు పరుగున వెళ్లి కొత్త నిమ్మకాయ తెచ్చి కట్టాడు. మిషన్ దాన్ని లెక్కచేయలేదు.

దీప్తి వెనక మూత విప్పింది. లోపలి చిన్న ఫ్యాన్ గ్రానైటు దుమ్ముతో గడ్డకట్టి, శనగపిండిలో ముంచి తీసిన బజ్జీలా ఉంది. వేలితో తోసినా తిరగలేదు.

"ఇది తిరిగి నెలలై ఉంటుందండీ. తాగిన కరెంటంతా లోపల వేడిగా మారుతుంది. గాలి ఆడకపోతే ఈ మిషన్ మధ్యాహ్నం దాటదు."

"నిన్న కూడా సాయంత్రం దాకా నడిచింది మేడమ్. ఒట్టు."

"గాలి లేకుండానా?" అంది దీప్తి, బ్యాగు సర్దుకుంటూ. "బోర్డు సంగతి తర్వాత చూద్దాంలెండి."

శివనాగరాజు ఖాళీ స్టూలు వంక చూశాడు.

చేతులు ఖాళీ లేక బుడాన్ వదిలేసి వెళ్లిన విసనకర్ర దాని మీదే ఉంది.

ఇన్నాళ్లూ తన మిషన్‌కు ఫ్యాన్ ఆ ముసలాయనే.