నలభై రోజుల దొంగ భోజనం

వెంకటప్పయ్య అంబలి గిన్నెను మోచేత్తో పక్కకు నెట్టాడు.

"జబ్బు నా ఒంట్లో ఉంది గానీ నోట్లో లేదు. ఇది నాకొద్దు" అన్నాడు.

భార్య రాఘవమ్మ గిన్నెను మళ్లీ ఆయన ముందుకు జరిపి, పెరట్లో పనుందని వెళ్లిపోయింది.

పథ్యం మొదలై అప్పటికి మూడు రోజులు. రెండేళ్లుగా ఆయనకు మోకాళ్లు పట్టేసి, మోచేతుల మీదా పిక్కల మీదా పొలుసులు లేచి ఒకటే దురద. నడివేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా విడిచేవాడు కాదు. పెళ్లిళ్లకు పోతే, గోక్కోవడం ఎవరి కంటా పడకుండా పందిట్లో చిట్టచివర కూర్చునేవాడు. ఖమ్మం డాక్టర్లు ఇచ్చిన మాత్రలూ పూతమందులూ వాడినన్నాళ్లు నెమ్మదించేది, మానేస్తే మళ్లీ మొదటికొచ్చేది. చివరికి రాఘవమ్మ ఆయన్ని ఎర్రబస్సు ఎక్కించి, భద్రాచలం దాటి అడవిలో నాటువైద్యం చేసే ముత్తక్క దగ్గరికి తీసుకుపోయింది.

ముత్తక్క ఏదో వేరు నూరి ఇస్తుందనుకుంటే, నాలుక చూపించమంది. ఇంట్లో ఏమేం తింటావని అడిగింది. ఆవకాయ, గోంగూర, ఎండుచేపల పులుసు, గుత్తొంకాయ అని ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే, అవే నలభై రోజులు ముట్టొద్దంది. మిరపకాయ, చింతపండు అసలే కూడవంది. రాగి అంబలి, ఆకుకూరలు, ఒంటికి వేపనూనె, రోజూ రెండు మైళ్ల నడక.

"మిరపకాయ తిన్నవని తెలిస్తే మళ్ల నా గుడిసె తొక్కకు" అని కూడా చెప్పింది.

నాలుగెకరాల మిరప తోట ఉన్న మనిషికి ఇది పుట్టి బుద్ధెరిగాక ఎదురైన పెద్ద అవమానం.

నాలుగోనాడు నడకకని బయల్దేరిన వెంకటప్పయ్య కాళ్లు వాటంతటవే బస్సు స్టేజీ దగ్గర సంపూర్ణ హోటలు ముందు ఆగాయి. తాటాకు పాక, రెండు బల్లలు, మసిబారిన గోడ. లోపల్నుంచి తాలింపు వాసన. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, కాస్త కారంగా పుల్లగా ఏదైనా పెట్టమనీ, సంగతి ఇంట్లో తెలియనివ్వొద్దనీ బతిమాలాడు. సంపూర్ణ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇవాళ అన్నం అయిపోయిందనీ, రేపటి నుంచి ఆయన కోసం విడిగా ఎత్తిపెడతాననీ చెప్పి పంపేసింది.

మర్నాడు పాక వెనక, ఎవరికీ కనబడకుండా స్టూలు వేసింది. విస్తట్లో దంపుడు బియ్యం అన్నం, తోటకూర పప్పు, బీరకాయ కూర, ఓ పక్కన నల్లటి పచ్చడి. పచ్చడి నాలుక్కి తగలగానే వెంకటప్పయ్య చెవుల్లోంచి సెగలొచ్చాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోకుండానే ఇంకో ముద్ద కలిపాడు.

ఇక ఆ నడక ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇంట్లో అంబలి మాత్రం రాఘవమ్మ అటు తిరగ్గానే దూడ కుడితిలో కలిసిపోయేది. నెల తిరిగేసరికి దూడ నిగనిగలాడింది.

రోజూ స్నానానికి ముందు రాఘవమ్మ ఆయన మోచేతులకు వేపనూనె రాసేది. పుండు మీద చెయ్యి వేసినంత మెత్తగా రాసేది. ఎన్నాళ్ల నుంచో నోరు కట్టుకున్నారు, ఇంకెంత, కొన్ని రోజులే కదా అని ఓదార్చేది. అప్పుడు వెంకటప్పయ్యకు లోపల ఎక్కడో చురుక్కుమనేది. ఒకటి రెండుసార్లు చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. ఈలోగా నడక వేళయ్యేది.

ఇరవయ్యో రోజుకు దురద తగ్గింది. ముప్ఫయ్యో రోజుకు పొలుసులు రాలి కింద కొత్త చర్మం కనిపించింది. నలభయ్యో రోజున ఆయన పొట్టి చేతుల చొక్కా వేసుకుని అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రాఘవమ్మ అది చూసి, కళ్లొత్తుకుని, ముత్తక్క ఉన్న దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టింది. తెల్లారి ఇద్దరం వెళ్లి ఆమెకు చీర పెట్టి రావాలంది.

వెంకటప్పయ్యకు నవ్వాగలేదు. పథ్యం లేదు, పాడూ లేదు. అన్నాళ్లూ కారం తింటేనే జబ్బు పోయింది. చీర పెట్టాల్సిన చెయ్యి వేరే ఉంది. ఆ మాట ఇంట్లో అనలేడు గనక నేరుగా హోటలుకు పోయాడు.

"అమ్మా సంపూర్ణా, ముప్ఫయ్యేళ్లుగా మా ఇంట్లో తింటున్నాను. మా ఆవిడ వంటకు నీ వంటలో అణా వంతు రుచి కూడా లేదు. నన్ను బాగుచేసింది నీ చెయ్యి. ఓసారి వచ్చి ఆ పచ్చడి ఆవిడకి నేర్పి వెళ్లు" అన్నాడు.

సంపూర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అండ్ల మిరపకాయ లేదు పెద్దయ్యా, చింతపండు లేదు. ఉసిరికాయ, మిరియాలు, అల్లం. గంతే."

పథ్యం సంగతి నీకెవరు చెప్పారని వెంకటప్పయ్య అడిగాడు.

"మీరొచ్చిన మొదటి దినమే అమ్మ మీ ఎనకాల్నే వచ్చి, ఇయ్యాల పెట్టొద్దని నాకు సైగ జేసిన్రు. మీరు పోయినంక, పథ్యమంటే ఇంట్ల ముట్టరు, దొంగతనంగ అయితే తింటరన్నరు. ఆ దినం సంది నేను ఉత్తగ వడ్డించుడే పెద్దయ్యా, పొద్దుగాల్నే వండి తెచ్చేది రాఘవమ్మగారే."