సిరంజికి ఎర్ర దారం

మందుల షాపు ముందు బల్ల మీద కూర్చునే ముసలాయనకి ఆ వీధి పెట్టిన పేరు ‘ఊపుడు తాత’.

సీసాతో ఎవరు మెట్లు దిగినా ఒకటే పాట.

“బాగా ఊపండి. వంటింటి చెంచాతో పొయ్యకండి. అంకె చూశారా?”

టైలరమ్మకి ఆయన్ని చూస్తేనే ఒళ్లుమంట.

ఆమె కూతురికి ఏడేళ్లు. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి. కండరాలు వదులయ్యే మందు రోజుకి మూడుసార్లు పడితేనే నాలుగడుగులు వేస్తుంది. వచ్చే నెల బడికి నడిచే వెళ్తానని పాప పంతం. తల్లిది అంతకంటే పెద్ద పంతం.

ఆ రోజు కొత్త సీసాతో దిగుతుంటే తాత అడ్డం వచ్చాడు.

“అమ్మా, అదోసారి ఇటు చూపించు. మూత రంగు మారింది.”

“మందు అదేనండీ. పేరు చూశాను.”

“పేరు కాదమ్మా...”

“కొలతలు నాకు చెప్పకండి! సూది లేని సిరంజికి ఐదు ఎమ్మెల్ గీత దగ్గర ఎర్ర దారం కట్టుకున్నాను. ఇరవై ఏళ్లు టేపు పట్టిన చెయ్యి ఇది. వెంట్రుకవాసి తప్పదు.”

“దారం సరే...”

“పనీపాటా లేకపోతే సరి!”

విసవిసా వెళ్లిపోయింది.

ఇల్లు మూడో అంతస్తులో. సీసా ఊపింది. మందు దారం దాకా లాగింది. పాప నోరు తెరిచింది.

తలుపు దబదబా మోగింది.

తాతే! గోడ పట్టుకుని ఆయాసంతో రొప్పుతున్నాడు.

“వెయ్యొద్దు! నన్ను తిట్టు, కొట్టు. పాత సీసా పక్కన పెట్టి అంకె చూశాకే వెయ్యి. అందాకా ఇక్కణ్ణించి కదలను.”

“ఇదేం గొడవండీ బాబూ!” అంటూనే పాత సీసా తెచ్చింది.

పాతదాని మీద ఐదు ఎమ్మెల్‌కి ఐదు మిల్లీగ్రాములు. కొత్తదాని మీద ఐదు ఎమ్మెల్‌కి పది.

ఆమె సిరంజి పక్కన పెట్టేసింది. దారం తప్పలేదు. మందే రెట్టింపు.

“షాపుకి ఫోన్ చెయ్యి” అని చెప్పి తాత మెల్లగా మెట్లు దిగిపోయాడు.

షాపాయన డాక్టర్‌తో మాట్లాడి, చెమటలు కక్కుకుంటూ పాత రకం సీసా తనే తెచ్చిచ్చాడు.

తాతకి రేపు ఒక మాట చెబుదాంలే అనుకుంది. రేపేమో కుట్టుపని మీద పడింది. ఎల్లుండీ అంతే.

పది రోజులకి పాపని నడిపించుకుంటూ వెళ్లింది. బల్ల ఖాళీగా ఉంది.

“తాత ఏరండీ? పాప నడక చూపిద్దామని తీసుకొచ్చాను” అంది షాపాయనతో.

“పోయారమ్మా. నాలుగు రోజులైంది.”

ఆమె ఆ బల్ల మీదే కూలబడింది.

“నా నోరు పడిపోనూ! పనీపాటా లేదన్నాను... ఇంతకీ ఎవరండీ ఆయన?”

“ఈ షాపు ఆయనదే. నేను జీతానికున్నవాణ్ణి. ముప్ఫై ఏళ్ల కిందట, ఒకే ఒక్కసారి, అంకె చూడకుండా సీసా ఇచ్చేశారట. ప్రాణం పోయిందట. ఆ రోజు నుంచి కౌంటర్ దాటి లోపలికి రాలేదు.”

“ఎవరికిచ్చారు?”

షాపాయన పాప సీసా తిప్పి, అంకె రెండుసార్లు చదివి, ఆమె చేతిలో పెట్టాడు.

“సొంత కొడుక్కేనమ్మా. మీ పాపంత ఉండేవాడట.”