నాలుగు పేజీల మౌనం

మదనపల్లె లెక్చరర్ గంగాధరం టేప్‌రికార్డర్ ఆపి గర్వంగా చూశాడు. పాటలతో కథ చెప్పే ఆ పాత రేడియో నాటకం మీదే ఆయన పరిశోధన. అందులో పాడిన నారాయణమ్మను వెతుక్కుంటూ పుంగనూరు వచ్చాడు.

"పాట మధ్యలో మీరు మౌనం పాటించారమ్మా. అది స్త్రీజాతి వేదనకు ప్రతీక అని నాలుగు పేజీలు రాశాను."

"మౌనమూ లేదు, పాడూ లేదప్పా. చరణం మర్సిపోయినా."

గంగాధరం మొహం మాడిపోయింది. "ఈ మాట మా ప్రొఫెసర్‌కు తెలియకూడదమ్మా!"

"నేనేం చెప్పన్లే. అప్పుడు మా ఆయన హార్మోనియం మీద రెండు మెట్లు నొక్కి చరణం అందిచ్చినాడు. ఆయన పోయి ఆరేండ్లాయ. ఆ ముక్క ఇంగోసారి పెట్టప్పా."

గంగాధరం టేపు వెనక్కి తిప్పాడు. నూరుసార్లు విన్న పాటలో ఆ హార్మోనియం ఆయనకు మొదటిసారి వినపడింది.