కళ్లు పెట్టని లడ్డు

"ఇప్పు బిడ్డా. గీడ తప్పు పోయింది."

తల్లి సత్తవ్వ చేతిలోని పసుపుపచ్చ ఊలు అల్లికను రచన చూసింది. సగం లడ్డు ఆకారం వచ్చింది. నిన్న కూడా ఇంతవరకే వచ్చింది. మొన్నా అంతే.

"మల్లానా అవ్వా? గా బీడీల కంపెనీ చెకరే నయం. నాలుగు బీడీలు ఇరిసి పారేసి ఊకుంటడు. నువ్వు మొత్తానికే ఇప్పిస్తున్నవ్."

"తప్పుంటే ఇప్పొద్దా? రేపు లడ్డు వంకర పోతే పోరి ఏడ్వదా?"

రచన దారం కొస పట్టుకొని లాగింది. చుట్టు వెంట చుట్టు ఊడిపోయింది. ఐదేళ్ల కూతురు క్రాంతి అలవాటైన పనిలా ఆ ఊలును ఉండ చుట్టసాగింది.

కోరుట్లలో బస్సులు ఆగి ఇరవై రోజులు దాటింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బడి లేదు, ఆఫీసులు లేవు. సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు నడిపే భర్త పోయాక రచన కూతురిని తీసుకొని తల్లి ఇంటికి వచ్చింది. తల్లీ కూతుళ్లు బీడీలు చేస్తారు. రచన కట్టిన కట్ట లెక్క తప్పిందని కంపెనీ నుంచి ఏనాడూ తిరిగి రాలేదు. అయినా బీడీలతో ముగ్గురికి గడవడం లేదు. కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వీసా వచ్చింది. బస్సులు నడిస్తే బొంబాయి, అక్కడి నుంచి విమానం. నెలాఖరులోగా చేరకపోతే వీసా చెల్లదు.

పోయేముందు ఏం కావాలని కూతురిని అడిగింది.

"లడ్డు. తింటే అయిపోనిది," అంది క్రాంతి. "దానికి కండ్లు గూడ ఉండాలె."

"అది నీ చేతుల పెట్టినంకనే బస్సెక్కుత," అని రచన ఒట్టేసింది.

సత్తవ్వకు ఊలు అల్లిక తెలుసు. ఎప్పుడో మిషన్ హాస్టల్లో వంట చేసిన రోజుల్లో ఒక సిస్టరమ్మ నేర్పింది. రచన మాత్రం కొక్కెం సూది పట్టుకోవడం ఇదే మొదలు. మొదటి చుట్టు ఆరు కుట్లు. తర్వాత పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. ఒక్క కుట్టు జారినా గుండ్రం చెడుతుంది.

"నాకు గీ కన్నాలు సమజ్ గావు. నువ్వే లెక్కవెట్టు అవ్వా," అని రచన ప్రతి చుట్టూ తల్లికే అందించేది.

సత్తవ్వ కళ్లద్దాలు సర్దుకొని లెక్కపెట్టేది. ఇరవై నాలుగు. ఎటునుంచి లెక్కపెట్టినా ఇరవై నాలుగే.

"ఇరవై మూడే ఉన్నయి. ఇప్పు," అనేది.

అన్నాక ఒక చోట కూర్చోలేకపోయేది. లేచి వాకిట్లోకి పోయేది. మళ్లీ లోపలికి వచ్చేది. ఉడికిన అన్నాన్నే మళ్లీ మూత తీసి చూసేది. కూతురు ఒక్కసారి తానే లెక్కపెడితే?

రచన ఇంకా పొత్తిళ్లలో ఉండగా సత్తవ్వ మొగుడు దుర్గయ్య ఈ ఊరి బస్టాండులోనే బొంబాయి బస్సెక్కాడు. మొగుడి ఉత్తరం ఊరివాళ్లతో చదివించుకోవడం ఎందుకని సత్తవ్వ ఒక్కతే పలక ముందేసుకొని అక్షరాలు నేర్చుకుంది. ఉత్తరం రాలేదు, మనిషీ తిరిగి రాలేదు. ఆ చదువు ఇప్పుడు పేపర్లో సమ్మె వార్తలకు పనికొస్తోంది.

నడిరోడ్డు మీద వంటావార్పు అంటే ముందు ఆమే కట్టెలు మోసుకుపోయేది. బస్టాండు ముందు ధర్నాలో ఆమె గొంతే అందరికన్నా పైకి వినిపించేది.

"సత్తవ్వా, తెలంగాణ మీద నీకు గింత పావురం, గింత ప్రేమ ఎప్పటిసంది?" అని పక్కింటి మల్లక్క నవ్వింది.

"ముందుగాల్ల గా బియ్యం కడుగు. బస్సులు ఇప్పట్ల నడవయి గదా?"

"నన్నడుగుతవేందే! నేనేమన్న డ్రైవర్నా?"

సోమవారం సాయంత్రం జగిత్యాల నుంచి ఏజెంటు లస్మయ్య ఫోన్ చేశాడు.

"రేపటిసంది బస్సులు నడుస్తున్నయి చెల్లె. ఎల్లుండి పొద్దుగాల బొంబాయి బస్సుల సీటు చెప్పిన. గిది తప్పితే ఇగ వీసా మీద ఆశ ఇడిసిపెట్టు."

రచన "సరే అన్నా" అని ఫోన్ పెట్టేసింది. సత్తవ్వ చేతిలోని బీడీ చిట్లిపోయింది.

మరునాడు రచన బీడీలు చుట్టే తునికాకు చాట ముట్టలేదు. పొద్దున్నుంచి అల్లుతూనే ఉంది. మధ్యాహ్నానికి లడ్డు గుండ్రంగా తేలింది. పాత మెత్తలోంచి దూది తీసి కూరింది. మూతి మూసి, కళ్లకు రెండు నల్ల గుండీలు కుట్టడమే మిగిలింది.

"సూడు అవ్వా," అని అందించింది.

సత్తవ్వ లెక్కపెట్టింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క మాట చాలు. 'ఇప్పు.' ఇప్పుడు విప్పితే రేపు పొద్దుటికి మళ్లీ అల్లడం ఎవరి తరమూ కాదు. ఒట్టు తప్పి రచన బస్సెక్కదు.

కూతురి వేళ్ల వైపు చూసింది. ఊలు ఒరుసుకొని చూపుడువేలు ఎర్రగా కమిలి ఉంది. ఇరవై రోజులుగా ఆ వేలితో ఎన్నిసార్లు అల్లించింది, ఎన్నిసార్లు ఊడదీయించింది! క్రాంతి రెండు గుండీలను గుప్పిట్లో పట్టుకొని అమ్మమ్మ నోటివైపే చూస్తోంది. ఇంట్లో బియ్యం రేపటి వరకే ఉన్నాయి.

లడ్డును కూతురి చేతికి తిరిగిచ్చింది.

"సరిగ్గనే ఉంది," అంది సత్తవ్వ. "తప్పేం లేదు బిడ్డా. కండ్లు పెట్టు."

చాలా రోజుల తర్వాత రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. క్రాంతి గుప్పిలి తెరిచి గుండీలు అందించబోయింది. రచన వాటిని తీసుకోలేదు.

ఇరవై ఐదు బీడీల కట్టలో ఒక్కటి తక్కువున్నా చూడకుండానే వేళ్లతో చెప్పే రచన, లడ్డును మళ్లీ తల్లి ఒళ్లో పెట్టి, "ఇంకోసారి సూడే అవ్వా, తప్పుంటది," అంది.