జట్టులోకి మూడో మనిషి

గేమింగ్ సెంటర్ తలుపు తోసుకుని వచ్చిన అక్క అక్కడే ఆగిపోయింది.

చెల్లి పక్కన ఎవరో కొత్త మనిషి కూర్చుని ఉంది. నలభై దాటిన ఆడమనిషి. చేతుల నిండా పిల్లి గీరిన గీతలు.

"అక్కా, ఈవిడ పశువుల డాక్టరు. మన ఆటే ఆడతారు" అంది చెల్లి.

"పిల్లులకి సూదులేసే ఆవిడకి మన మృగాల సంగతేం తెలుసు?" అంది అక్క, నవ్వుతున్నట్టే.

డాక్టరమ్మ హాయిగా నవ్వేసింది. "ఇవే నయమండీ. కరవవు."

అక్కకి నవ్వు రాలేదు.

అక్క కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. చెల్లిది బీమా ఆఫీసు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. సాయంత్రమైతే ఇద్దరికీ ఒకటే లోకం, వింత మృగాలు తలపడే ఆ వీడియో గేమ్.

జంటగా ఆడాలి. ఒక్కొక్కరూ మూడేసి మృగాల్ని దింపాలి.

అక్కవి నిప్పుతేలు, మెరుపుగద్ద, కొమ్ముపులి. మూడూ మీదపడి కొట్టేవే.

చెల్లివి దెబ్బలకి అడ్డునిలిచే రాతితాబేలు, గాయాలు మాన్పే నాచుకప్ప, ఎదుటివాళ్ళ కాళ్ళకి చుట్టుకునే తీగపాము.

అక్క కొడుతుంది. చెల్లి కాస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే. అందుకే ఆ జంటంటే అందరికీ హడల్.

ఆ జంట మధ్యకి ఇప్పుడీ డాక్టరమ్మ వచ్చి కూర్చుంది.

అన్నం తింటున్నప్పుడు కూడా చెల్లి ఫోన్ చూసుకుని నవ్వుకోవడం మొదలుపెట్టింది.

"ఎవరే?"

"డాక్టరుగారే."

"అంత నవ్వొచ్చే మాటేం చెప్పింది?"

"ఏం లేదులే అక్కా."

ఏం లేనిదానికి అంత నవ్వెందుకు? అక్క సగం అన్నం వదిలేసి లేచిపోయింది.

మర్నాడు చూస్తే, చెల్లి తన నాచుకప్పని డాక్టరమ్మ చేతికిచ్చి ఆడిస్తోంది. అక్కనే ఎన్నడూ ముట్టుకోనివ్వలేదు దాన్ని.

ఇంకోరోజు షాపులో పని ముగించుకుని గేమింగ్ సెంటర్‌కి వచ్చేసరికి వాళ్ళిద్దరి మాటలూ వినబడ్డాయి.

"మీ అక్కయ్యకి కోపమొస్తే ముందు దేన్ని దింపుతారు?"

"నిప్పుతేలునే. ఒక్క దెబ్బ తగిలితే చాలు, ఇక ఒళ్ళు తెలీదు. వెనక్కి రమ్మన్నా రాదు."

"మొండి మనిషన్నమాట."

"మొండంటే మొండా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

అక్క గోడవారనే నిలబడిపోయింది. చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ పక్కన పెట్టుకుని ఆడించినందుకు, తన లోపాలు పైవాళ్ళ దగ్గర చెప్పుకుని నవ్వుకుంటోందా చెల్లెలు?

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ నేరుగా పశువుల ఆస్పత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ ఓ పిల్లి కాలికి కట్టు కడుతోంది. అక్కని చూసి ముఖం వికసించింది. "రండి, రండి!"

"కూర్చోడానికి రాలేదు. మీరిక మా దగ్గరికి రావద్దని చెప్పిపోదామని వచ్చాను."

కట్టు కడుతున్న చేతులు ఆగాయి.

"మీకన్నీ చెప్పేసిందా చెల్లాయి?"

చెల్లి తనకి చెప్పాల్సిందేమిటో అక్కకి తెలీదు. తెలీదని ఒప్పుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

"చెప్పింది."

"మరి... మీకు ఇష్టం లేదా?"

"లేదు. మాకు మూడో మనిషి అక్కర్లేదు."

డాక్టరమ్మ తల వంచుకుని కట్టు ముడివేసింది. "సరేనండి. మీ మాట కాదని వచ్చేదేముంది? ఒక్కటే చెప్తాను, ఏమీ అనుకోకండి. మీవన్నీ కొట్టేవే. పక్కన కాచుకునే మనిషి లేకుండా మాత్రం ఎప్పుడూ దిగకండి."

'పోతూ పోతూ కూడా నీతులే' అనుకుంది అక్క.

ఆ మాటేదీ ఇంట్లో చెప్పలేదు. డాక్టరుగారు రావడం లేదేమని చెల్లి బెంగపడితే, "పని ఎక్కువైందేమో" అని ఊరుకుంది. ఆ పూట అక్కకి అన్నం ఎంతో రుచించింది.

ఊళ్ళో పెట్టిన జంటల పోటీ రోజు వచ్చింది. అక్క చెలరేగిపోయింది. నిప్పుతేలు మీద పడ్డ ప్రతి దెబ్బనీ రాతితాబేలు కాసింది. ఆఖరి ఆటలో మెరుపుగద్ద పైనుంచి దూకేసరికి హాలంతా ఈలలు.

గెలిచారు. పైపోటీకి అర్హత వచ్చింది.

"చూశావా! ఎవరైనా అవసరమయ్యారా మనకి?" అంది అక్క కప్పు పైకెత్తి.

చెల్లి చూపు ఇంకెక్కడో ఉంది. హాలుకి అవతలి పక్కన డాక్టరమ్మ ఎవరో గడ్డం ఆయనతో కలిసి తెరముందు కూర్చుని ఉంది.

"అదుగో, అప్పుడే ఇంకొకళ్ళ జట్టులో దూరింది" అంది అక్క.

"ఇందాక ఆవిడతో మాట్లాడాను. నువ్వే వెళ్ళి వద్దన్నావటగా."

అక్క ముఖం పాలిపోయింది. "అది కాదే... నిన్ను నా దగ్గర్నుంచి లాగేసుకుంటోందని..."

"ఇప్పుడాయనకి మాటిచ్చేశారట. ఇక మన దగ్గరికి రారు."

"రాకపోతే పాయె. పైపోటీకి మనిద్దరం చాలమూ?"

చెల్లి కళ్ళలో నీళ్ళు నిండాయి.

"నాకు బదిలీ అయిందక్కా. ఎప్పుడో చెప్పాల్సింది, నీ ముఖం చూస్తే నోరు రాలేదు. వచ్చే నెలకల్లా వెళ్ళి చేరాలి. పైపోటీకి సెలవు కూడా ఇవ్వరు."

అక్క చేతిలో కప్పు మెల్లగా కిందికి దిగింది.

"నువ్వు ఒంటరిదానివి కాకూడదని, నా చోట నీ పక్కన కూర్చోవడానికి నేనే వెతికి వెతికి, బతిమాలి తెచ్చుకున్న మనిషక్కా ఆవిడ."